గంటలో ఎంత దూరం? సైకిల్ రికార్డుల పట్టికను నమ్మడం ఎలా

2014 సెప్టెంబరు 18న స్విట్జర్లాండ్‌లోని గ్రెంచెన్ వెలోడ్రోమ్‌లో (సైకిల్ పందేల ట్రాక్) జర్మన్ సైక్లిస్టు యెన్స్ ఫోయిక్ట్ గంటసేపు తొక్కి 51.110 కిలోమీటర్లు వెళ్లాడు. ముందురోజే అతనికి 43 ఏళ్లు నిండాయి. ప్రపంచ రికార్డు బద్దలైందని ప్రకటించారు, పత్రికలు రాశాయి, అందరూ చప్పట్లు కొట్టారు. అయితే అప్పటికి ముప్ఫై ఏళ్ల కిందట, 1984 జనవరిలో, ఇటలీకి చెందిన ఫ్రాంచెస్కో మోజర్ అదే గంటలో 51.151 కిలోమీటర్లు తొక్కి ఉన్నాడు. కొత్త రికార్డు పాతదానికంటే 41 మీటర్లు తక్కువ! 1996లో బ్రిటన్ రైడర్ క్రిస్ బోర్డ్‌మన్ నమోదు చేసిన 56.375 పక్కన పెడితే అయిదు కిలోమీటర్లకు పైగా తక్కువ.

దీన్ని అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య (యూసీఐ) చేసిన గందరగోళం అని కొట్టిపారేయడం తేలిక. గందరగోళం ఉన్న మాట నిజమే. కానీ దాని వెనక ఉన్న చిక్కు యూసీఐ సృష్టించింది కాదు. యంత్రం మీద మనిషి సాధించిన దూరంలో మనిషి వాటా ఎంత, యంత్రం వాటా ఎంత అన్నది 1930ల నుంచీ తేలని పంచాయితీ.

గంట రికార్డు నియమాలు పైకి చాలా తేలిక. ట్రాక్ మీద ఒక్కడే తొక్కాలి, ముందు గాలిని చీల్చే తోడు ఉండకూడదు. ట్రాక్ సైకిల్‌కు బ్రేకులుండవు, ఒక్కటే గేరు, పెడల్ ఆపితే చక్రమూ ఆగుతుంది. అరవై నిమిషాల్లో ఎంత దూరం పోతే అంత. 1893 మే 11న పారిస్‌లోని బఫెలో వెలోడ్రోమ్‌లో ఆంరీ దెగ్రాంజ్ 35.325 కిలోమీటర్లు తొక్కాడు, పట్టిక సాధారణంగా అక్కడి నుంచే మొదలవుతుంది. పదేళ్ల తర్వాత టూర్ డి ఫ్రాన్స్‌ను మొదలుపెట్టింది కూడా ఈయనే. 2022 అక్టోబరు 8న గ్రెంచెన్‌లో ఇటలీ రైడర్ ఫిలిప్పో గన్నా 56.792 తొక్కాడు. నూట ముప్ఫై ఏళ్లలో ఇరవై ఒక్క కిలోమీటర్లు పెరిగాయి. మనుషుల కాళ్లు అంత మారాయా?

ఇక్కడ కొంచెం భౌతిక శాస్త్రం తప్పదు. చదునైన ట్రాక్ మీద గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోయే రైడర్ శ్రమలో పదింట దాదాపు తొమ్మిది వంతులు గాలిని తోయడానికే ఖర్చవుతాయి. టైరు రాపిడి, గొలుసు రాపిడి కలిపితే మిగిలిన ఒక్క వంతు. గాలిని తోయడానికి కావలసిన శక్తి వేగం ఘనాన్ని బట్టి పెరుగుతుంది, అంటే పది శాతం ఎక్కువ వేగం కావాలంటే ముప్ఫై శాతానికి పైగా అదనపు శక్తి కావాలి. ఏ స్థాయి క్రీడాకారుడికైనా ఒక్క సీజన్‌లో అంత బలం రాదు. అదే శరీర భంగిమ మార్చుకుని గాలి నిరోధాన్ని పది శాతం తగ్గించుకుంటే, ఒక్క వాట్ అదనంగా ఖర్చు పెట్టకుండా గంటలో కిలోమీటరున్నరకు పైగా కలిసొస్తుంది. కాళ్లను పెంచుకోవడం ఏళ్ల పని, మోచేతులు దగ్గరికి తెచ్చుకోవడం వారాల పని. కాబట్టి పట్టికలో పెద్ద గెంతులు చాలావరకు భంగిమ మారిన చోటే కనిపించడంలో వింత లేదు.

మొదటి గెంతు 1933లో వచ్చింది. 1914లో స్విస్ రైడర్ ఆస్కార్ ఎగ్ పెట్టిన 44.247 పంతొమ్మిదేళ్లుగా అలాగే ఉంది. 1933 జులై 7న ఫ్రాన్సిస్ ఫోర్ అనే రైడర్ పారిస్‌లో దాన్ని దాటి 45.055 తొక్కాడు. ఫోర్ అప్పటి మేటి రైడర్ల వరుసలోనివాడు కాదు. అతను తొక్కింది షార్ల్ మొషే తయారు చేసిన వెలోకార్, వీపు వెనక్కి ఆనించి కాళ్లు ముందుకు చాపి తొక్కే వాలు సైకిల్. రెండు చక్రాలు, పెడళ్లు, గొలుసు, తొక్కేది మనిషే, అన్నీ ఉన్నాయి. లేనిదల్లా నిటారుగా కూర్చునే భంగిమ. యూసీఐ తర్జనభర్జన పడి 1934లో సైకిల్ అంటే ఏమిటో కొత్తగా నిర్వచించింది, వెలోకార్ ఆ నిర్వచనానికి బయట పడింది. రికార్డు బద్దలయ్యాక సైకిల్‌ను నిర్వచించడం అంటే ఆట అయ్యాక నియమాలు రాయడమే. ఈ పద్ధతి తర్వాత కూడా కొనసాగింది.

అదే 1933లో మార్సెల్ బెర్తే, ఎగ్‌తో పోటీపడి రికార్డులు మార్చుకున్న పాతకాలపు యోధుడు, నలభై దాటిన వయసులో సైకిల్ చుట్టూ తొడుగు కట్టించుకుని 49.992 కిలోమీటర్లు తొక్కాడు. మామూలు సైకిళ్ల పట్టిక ఆ అంకెను దాటడానికి 1984 దాకా ఆగాల్సి వచ్చింది. తొడుగుల వాహనాలు తమ దారిన తాము పోయాయి. 2016లో ఫ్రాంచెస్కో రుస్సో ఆ కోవలో గంటకు 92.432 కిలోమీటర్లు తొక్కాడు. యంత్రానికి పూర్తి స్వేచ్ఛ ఇస్తే మనిషి కాళ్లతోనే ఎంత దూరం పోవచ్చో దీన్ని బట్టి తెలుస్తుంది. యూసీఐ పట్టికలో ఉన్నవన్నీ ఏదో ఒక కంచె లోపల సాధించిన దూరాలే.

పోలికకు అనువైన కాలం ఒకటుంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. 1935 నుంచి 1958 వరకు రికార్డు పదేపదే మిలాన్‌లోని విగొరెల్లి ట్రాక్ మీదే మారింది. 1935లో జుసెప్పె ఒల్మో 45.090, 1942లో ఫాస్టో కొప్పి దాదాపు 45.8, 1956లో జాక్ అంకెతిల్ 46.159, 1958లో రోజె రివియేర్ 47.346. అదే చెక్క ట్రాక్, దాదాపు ఒకే తరహా ఉక్కు సైకిళ్లు, అదే వంగిన హ్యాండిల్. ఇరవై మూడేళ్లలో పెరిగింది రెండు కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. సైకిల్ స్థిరంగా ఉంటే రికార్డు ఇంత నెమ్మదిగా కదులుతుంది. సరదా ఏమిటంటే, నిషేధానికి గురైన ఫోర్ దూరాన్ని ఒల్మో మామూలు సైకిల్ మీద 35 మీటర్ల తేడాతో దాటేశాడు.

తర్వాత గాలి మారింది, అక్షరాలా. మెక్సికో సిటీ సముద్ర మట్టానికి 2,200 మీటర్లకు పైగా ఎత్తులో ఉంటుంది. అక్కడి గాలి సాంద్రత సముద్ర తీరంతో పోలిస్తే అయిదో వంతుకు పైగా తక్కువ. 1968లో డెన్మార్క్ రైడర్ ఒలే రిట్టర్ అక్కడ 48.653 తొక్కాడు. 1972 అక్టోబరు 25న బెల్జియం దిగ్గజం ఎడ్డీ మెర్క్స్ అదే నగరంలో 49.431కు చేర్చాడు. పలచటి గాలి చీలడానికి తేలిక, పీల్చడానికి కష్టం. ఆక్సిజన్ తగ్గినందువల్ల కాళ్ల శక్తి పది శాతం దాకా పడిపోతుంది, కానీ నిరోధం అంతకు రెట్టింపు తగ్గుతుంది. కూడికలు తీసివేతలు చేస్తే నికరంగా నాలుగు శాతం లాభం వస్తుంది. ఈ ముతక లెక్క ప్రకారం మెర్క్స్ అదే రోజు అదే కాళ్లతో సముద్ర మట్టంలో తొక్కి ఉంటే 47, 48 కిలోమీటర్ల మధ్య ఎక్కడో ఆగేవాడు. రివియేర్‌కు బాగా దగ్గర!

ఇది మెర్క్స్‌ను తగ్గించే మాట కాదు. అతని ఘనత కొలవాలంటే రిట్టర్‌తో పోల్చాలి: అదే ఎత్తు, నాలుగేళ్ల తేడా, దాదాపు అదే తరం సైకిల్. అక్కడ 778 మీటర్లు ముందున్నాడు. విగొరెల్లి కాలపు వేగంతో చూస్తే అది ఏడెనిమిదేళ్ల ప్రగతి.

1984లో మోజర్ బృందం రంధ్రాల్లేని పళ్లెం చక్రాలు తెచ్చింది, చువ్వలు గాలిని చిలికే నష్టం తగ్గింది. నాలుగు రోజుల తేడాతో రెండుసార్లు రికార్డు కొట్టాడు. 1993 జులైలో స్కాట్లాండ్‌కు చెందిన గ్రేమ్ ఓబ్రీ నార్వేలోని హామర్‌లో, చేతులు రొమ్ము కిందికి ముడిచి, తన చేత్తో తయారు చేసుకున్న సైకిల్ మీద 51.596 తొక్కాడు. ముందురోజు ప్రయత్నించి విఫలమై, మర్నాడు పొద్దున్నే మళ్లీ ట్రాక్ ఎక్కి సాధించాడు. ఆ సైకిల్ బేరింగులు వాషింగ్ మెషీన్ నుంచి తీసినవన్న సంగతి సైక్లింగ్ లోకంలో అందరికీ తెలిసిందే. ఆరు రోజుల తర్వాత బోర్డ్‌మన్ బోర్డోలో 52.270కి చేర్చాడు. 1994లో ఓబ్రీ దాన్నీ దాటితే, ఆ నెలల్లోనే యూసీఐ అతని భంగిమను నిషేధించింది. ఓబ్రీ ఈసారి చేతులు పూర్తిగా ముందుకు చాపే ‘సూపర్‌మ్యాన్’ భంగిమ కనిపెట్టాడు. 1996లో మాంచెస్టర్‌లో బోర్డ్‌మన్ 56.375 తొక్కింది ఆ భంగిమలోనే. కొన్నాళ్లకు అదీ నిషేధం.

ఆ తర్వాత 2000లో యూసీఐ తీసుకున్న నిర్ణయం ఈ చరిత్రలోకెల్లా ధైర్యమైనదీ, నా దృష్టిలో అంతే పొరపాటైనదీ. రికార్డును రెండుగా చీల్చింది. మెర్క్స్ కాలపు సైకిల్‌ను ప్రమాణంగా తీసుకుని, గుండ్రటి గొట్టాల ఫ్రేము, చువ్వల చక్రాలు, వంగిన హ్యాండిల్‌తో తొక్కినదే అసలు గంట రికార్డు అంది. 1972 తర్వాత వచ్చిన మోజర్, ఓబ్రీ, బోర్డ్‌మన్, స్పెయిన్ రైడర్ ఇందురైన్, స్విస్ రైడర్ రోమింగర్ దూరాలన్నీ ‘ఉత్తమ మానవ ప్రయత్నం’ అనే పక్క గదిలోకి పోయాయి.

ఈ నిర్ణయం వల్ల ఒక మేలు మాత్రం జరిగింది. పరిశోధకులు కోరుకున్నా దొరకని ప్రయోగం ఒకటి దానంతటదే జరిగిపోయింది. 2000 అక్టోబరు 27న బోర్డ్‌మన్ అదే మాంచెస్టర్ ట్రాక్ మీదికి పాత తరహా సైకిల్‌తో వచ్చాడు. అదే మనిషి, అదే ట్రాక్, నాలుగేళ్ల తేడా. ఈసారి దూరం 49.441. మెర్క్స్‌ను పది మీటర్లతో దాటాడు, తన సొంత దూరం కంటే 6.934 కిలోమీటర్లు వెనకబడ్డాడు. ఆ తేడా మొత్తం కాళ్ల బలంతోనే పూడ్చాలంటే దాదాపు సగం శక్తి అదనంగా కావాలి. 2000 నాటికి అతను కెరీర్ చివర్లో ఉన్నాడు, ఎముకల సమస్యతో రిటైర్ అవుతున్నాడు, బలం తగ్గే ఉంటుంది. పది శాతం తగ్గిందనుకుని ఆ మేరకు తీసేసినా, సైకిల్, భంగిమల మార్పు నిరోధాన్ని మూడో వంతు పెంచినట్టే. పట్టికలో ఈ రెండు అంకెల కంటే విలువైన జత ఇంకొకటి లేదు.

ఆ పది మీటర్ల సంగతి వేరు. ఆ వేగంలో పది మీటర్లంటే సెకనులో ముప్పాతిక వంతు కంటే తక్కువ. మెర్క్స్ 2,200 మీటర్ల ఎత్తులో, ఆరుబయట ట్రాక్ మీద తొక్కాడు. బోర్డ్‌మన్ సముద్ర మట్టానికి దగ్గరగా, పైకప్పు కింద, 250 మీటర్ల చెక్క ట్రాక్ మీద తొక్కాడు. ఫ్రేము గొట్టాలు గుండ్రంగా ఉండాలన్న యూసీఐ, ఊరు మాత్రం ఎక్కడైనా సరేనంది. నా అభ్యంతరం ఇక్కడే. 1972 సైకిల్ అమాయకమైన ‘మామూలు’ సైకిల్ కాదు. సైకిళ్ల తయారీదారు ఎర్నెస్తో కొల్నాగో దాన్ని ఆరు కిలోలలోపు బరువుకు దించడానికి గొలుసుకు కూడా రంధ్రాలు పొడిచాడు. అది ఆ రోజున దొరికే అత్యాధునిక సాంకేతికత. ఒక సంవత్సరం సాంకేతికతను ‘మానవ ప్రయత్నం’ అనీ, తర్వాతి సంవత్సరాలదాన్ని ‘మోసం’ అనీ గీత గీయడానికి శాస్త్రం ఒప్పుకోదు. జ్ఞాపకాల మీద మమకారం ఒప్పుకుంటుందేమో.

రైడర్లూ ఒప్పుకోలేదు. 2005లో చెక్ రైడర్ ఒండ్రెయ్ సోసెంకా 49.700 తొక్కాక తొమ్మిదేళ్లపాటు పురుషుల రికార్డు కదల్లేదు. 2014 మేలో యూసీఐ వెనక్కి తగ్గి, ఆ రోజున ట్రాక్ పందేల్లో చెల్లే సైకిల్ ఏదైనా గంటకూ చెల్లుతుందని ప్రకటించింది. మరి దాటాల్సిన గీత ఏది? సోసెంకా 49.700. అలా ఫోయిక్ట్ 51.110తో ప్రపంచ రికార్డుదారుడయ్యాడు. 2015 జూన్ నాటికి రికార్డు మొత్తం అయిదుసార్లు మారింది, చివరిది లండన్‌లో బ్రాడ్లీ విగిన్స్ 54.526. ఇది కూడా 1994లో రోమింగర్ తొక్కిన 55.291 కంటే తక్కువే. ఆ అంకెను దాటింది 2022 ఆగస్టులో డాన్ బిగమ్ (55.548). అతని అసలు వృత్తి ఇంజనీరింగ్, గాలి నిరోధాన్ని తగ్గించడమే అతని ప్రత్యేక విద్య. రెండు నెలల తర్వాత గన్నా వచ్చి బోర్డ్‌మన్ అంకెను కూడా 417 మీటర్లతో దాటాడు. పట్టిక 1996 నాటి తన ఎత్తుకు తిరిగి చేరడానికి ఇరవై ఆరేళ్లు పట్టింది.

మహిళల పట్టికలోనూ ఇదే తిరోగమనం. 1996లో ఝానీ లోంగో మెక్సికోలో తొక్కిన 48.159 పక్క గదిలోకి పోయింది. 2016లో ఎవలిన్ స్టీవెన్స్ 47.980తో, 2018లో విట్టోరియా బుస్సి 48.007తో ‘రికార్డు’ నెలకొల్పారు, రెండూ లోంగో కంటే తక్కువ. 2021లో జాస్ లౌడెన్ 48.405 తొక్కాకే నిజంగా ముందడుగు పడింది. 2023లో బుస్సి మళ్లీ వచ్చి 50.267తో యాభై దాటింది.

గన్నా సైకిల్‌ను ఒకసారి దగ్గరగా చూడండి. ఫ్రేము లోహపు పొడి నుంచి త్రీడీ ప్రింటింగ్‌లో పుట్టింది. ముందు పళ్లచక్రానికి 65 పళ్లు, వెనక 14, పెడల్ ఒక చుట్టు తిరిగితే తొమ్మిదిన్నర మీటర్లకు పైగా పోతుంది. మెర్క్స్ 52, 14 పళ్లతో తొక్కాడు, చుట్టుకు ఎనిమిది మీటర్లలోపు. మెర్క్స్ కాళ్లు నిమిషానికి నూట నాలుగు సార్లు తిరిగితే గన్నా కాళ్లు వంద కంటే తక్కువ సార్లు తిరిగాయి. గన్నా 250 మీటర్ల చుట్టును సగటున పదహారు సెకన్లలోపే ముగిస్తూ 227 చుట్లు పూర్తిచేశాడు, ఆపైన 42 మీటర్లు. ఈ చివరి ముక్కను టేపు పట్టి కొలవరు. గంట ముగిసినప్పుడు రైడర్ ట్రాక్ మధ్యలో ఎక్కడో ఉంటాడు. ఆ చుట్టును అతను పూర్తి చేశాక, దానికి పట్టిన కాలంలో ఎంత భాగం గంటలోపు పడిందో చూసి ఆ నిష్పత్తిలో మీటర్లు కడతారు.

వాతావరణం కూడా తన వాటా తీసుకుంటుంది. వెలోడ్రోమ్ లోపలి వేడి పది డిగ్రీలు పెంచితే గాలి మూడు శాతానికి పైగా పలచబడి, గంటలో అర కిలోమీటరు కలిసొస్తుంది. అందుకే ఈ ప్రయత్నాల రోజున ట్రాక్‌ను ఉక్కపోసేలా వేడెక్కిస్తారు. విగిన్స్ తొక్కిన రోజున లండన్‌లో వాయుపీడనం బాగా ఎక్కువగా ఉంది. పీడనం మూడు శాతం తగ్గి ఉంటే అతనూ అటూఇటుగా అర కిలోమీటరు ముందుండేవాడు. కొన్ని రికార్డుల మధ్య తేడా ఇంతకంటే తక్కువ.

అన్నింటినీ వాట్లలోకి మార్చేస్తే సరిపోదా? చేశారు. 1967 నుంచి 1996 వరకు జరిగిన రికార్డులను విశ్లేషించిన ఒక అమెరికన్, బ్రిటిష్ పరిశోధక బృందం 1999లో ఫలితాలు ప్రచురించింది. పెరుగుదలలో సుమారు 60 శాతం గాలి నిరోధం తగ్గడం వల్ల, 40 శాతం కాళ్ల శక్తి పెరగడం వల్ల అని తేల్చింది. బాగుంది. అయితే ఆ నలభై శాతంలో శిక్షణ ఎంత, పోషణ ఎంత, మందులెంత? రక్తమార్పిడిని క్రీడల్లో నిషేధించింది 1980ల మధ్యలోనే. ఎర్ర రక్తకణాలను పెంచే ఈపీఓను పట్టుకునే పరీక్ష 2000లో గానీ రాలేదు. సైకిల్‌కు నిర్వచనం రాసినంత కచ్చితంగా రక్తానికి రాయలేకపోయారు. కాబట్టి 1990ల అంకెల్లో యంత్రం వాటా తీసేస్తే మిగిలేది మనిషి వాటా అనుకోవడం తొందరపాటు. ఎవరి మీదా వేలు చూపనక్కర్లేదు, కొలవడానికి అప్పట్లో సాధనం లేదు, అంతే.

గంట కాకుండా ఏడాది దూరం తీసుకుంటే తక్కెడ మరోవైపు మొగ్గుతుంది. 1939లో ఇంగ్లండ్‌కు చెందిన టామీ గాడ్విన్ ఒక్క ఏడాదిలో 75,065 మైళ్లు, అంటే దాదాపు 1,20,800 కిలోమీటర్లు తొక్కాడు. సగటున రోజుకు 331 కిలోమీటర్లు. బరువైన ఉక్కు సైకిల్, హబ్‌లో నాలుగు గేర్లు, సెప్టెంబరు నుంచి యుద్ధకాలపు చీకటి ఆంక్షల వల్ల దీపం కూడా మసకే. 2016 జనవరిలో కర్ట్ సర్వోగెల్ 76,076 మైళ్లతో దాన్ని దాటే దాకా ఎవరూ దాటలేదు. మధ్యలో సైకిల్ బరువు బాగా తగ్గింది, టైర్లు, దీపాలు, గేర్లు అన్నీ మారాయి, రికార్డు పెరిగింది మాత్రం వెయ్యి మైళ్లు. అంత దూరంలో వేగం తక్కువ కాబట్టి గాలి పెత్తనం తగ్గుతుంది. నిద్ర, తిండి, వాన, ట్రాఫిక్ పెత్తనం మొదలవుతుంది. ఆ మరుసటి ఏడాదే అమండా కోకర్ 86,573 మైళ్లకు చేర్చింది. ఆమె ఎక్కువగా తొక్కింది ఫ్లోరిడాలోని ఒక పార్కులో, చదునైన ఏడు మైళ్ల దారిలో, పదే పదే. ఆంగ్లేయ చలికాలపు రోడ్లకూ ఆ పార్కుకూ ఉన్న తేడా ఏ ఫ్రేము తేడా కంటే పెద్దది. కొన్ని రోజులు ఆమె వాలు సైకిల్ తొక్కింది కూడా, 1934లో యూసీఐ బయటికి పంపిన ఆ జాతే. ఈ రికార్డు యూసీఐది కాదు, నియమాలు వేరు.

కాబట్టి ఎవరు గొప్ప అని అడిగేవారు ముందు ఏది కొలవాలో చెప్పాలి. సైకిలూ మనిషీ కలిసి చేరిన దూరం కావాలంటే గన్నా. కాళ్ల బలమే కావాలంటే 1990లను జాగ్రత్తగా పక్కన పెట్టి, మిగతావాటికి వాట్ల లెక్కలు చూడాలి. సమకాలికుల మధ్య ఎవరు ఎంత ఎడంగా నిలిచారో కావాలంటే ఒకే ట్రాక్, ఒకే ఎత్తు, దగ్గరి సంవత్సరాలను మాత్రమే పక్కపక్కన పెట్టాలి. నేను మూడో పద్ధతినే నమ్ముతాను. అందులో మెర్క్స్, రిట్టర్ల జతకూ, 1993 నాటి ఓబ్రీ, బోర్డ్‌మన్‌ల ఆరు రోజులకూ ఉన్న విలువ మొత్తం పట్టికకు లేదు. ప్రతి దూరం పక్కన ఆ రోజు గాలి సాంద్రత, ట్రాక్ ఎత్తు, పళ్ల సంఖ్య, భంగిమ ముద్రించే పట్టిక ఉంటే సగం వాదనలు మొదలే కావు.

గన్నా తొక్కిన మూడు నెలలలోపే, 2023 జనవరి నుంచి, యూసీఐ భంగిమ కొలతలను రైడర్ ఎత్తును బట్టి మూడు తరగతులుగా మార్చింది. 190 సెంటీమీటర్లు దాటినవాళ్లు చేతులను మిగతావాళ్లకంటే ముందుకు చాపవచ్చు. గన్నా ఎత్తు 193.